కొత్త మోకాలితో ఆరు నెలలు

ఎడిసన్‌లో మా వాకింగ్ గ్రూపులో పదకొండు మంది తెలుగువాళ్లం. అందులో నలుగురికి అప్పటికే మోకాళ్లు మార్చారు. పోయిన సెప్టెంబరు చివర్లో నేను ఐదోదాన్నయ్యాను. అప్పట్నుంచి వారానికి ఇద్దరో ముగ్గురో ఫోన్ చేస్తూనే ఉన్నారు. నొప్పి ఎలా ఉంటుంది అక్కా, ఎన్నాళ్లకి లేచి తిరిగారు, ఇండియా వెళ్లి చేయించుకుంటే నయమా, ఇప్పుడు కింద కూర్చోగలుగుతున్నారా? అందరివీ ఇవే ప్రశ్నలు. పదిమందికి పదిసార్లు చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామనుకున్నాను. నేను డాక్టర్ని కాను. ఇరవై ఏడేళ్లు ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడి పనిచేశాను. మందుల సంగతి కొంచెం తెలుసు. మిగతాదంతా నా కుడి మోకాలు నేర్పింది.

నాకిప్పుడు అరవై ఆరు. మోకాలి నొప్పి యాభై ఎనిమిదిలో మొదలైంది. ముందు మెట్లు దిగేటప్పుడు, తర్వాత ఎక్కేటప్పుడు, ఆ తర్వాత ఊరికే నిలబడ్డా. మన ఆడవాళ్లం నొప్పిని దాచుకోవడంలో ఎంత నేర్పరులమో మీకు చెప్పక్కర్లేదు. ఇండియన్ స్టోరుకి వెళితే కార్టు ఎందుకు ముందే తీసుకుంటానో మావారికి రెండేళ్లు తెలియలేదు. సామాన్ల కోసం అనుకున్నారు. నాకది చేతికర్ర. పేరంటాలకి వెళ్లడం తగ్గించేశాను, ఎందుకంటే అక్కడ కింద కూర్చోవాలి, కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. పడకగది పై అంతస్తులో ఉంది కాబట్టి "టీవీ చూస్తూ నిద్రపట్టేసింది" అని చెప్పి వారంలో నాలుగు రాత్రులు కింద సోఫాలోనే పడుకునేదాన్ని.

ఆపరేషన్ లేకుండా చేయాల్సినవన్నీ చేశాను. తొడ కండరాలు గట్టిపడటానికి ఫిజికల్ థెరపీకి రెండు విడతలు వెళ్లాను. అది నిజంగానే ఏడాదిన్నర నన్ను నడిపించింది. ఆరు కిలోలు తగ్గాను. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఆ లెక్క విన్నాక రాత్రి అన్నం మానడం అంత కష్టమనిపించలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటిది నాలుగు నెలలు పనిచేసింది, రెండోది ఆరు వారాలు. జెల్ ఇంజెక్షన్లు నాకైతే ఏమీ చెయ్యలేదు. ఊరి నుంచి మా చెల్లెలు పంపిన తైలం రాసుకుంటే హాయిగా ఉండేది, అదీ వాడాను. అరిగిపోయిన మృదులాస్థి తైలంతో తిరిగి మొలవదు గానీ హాయి కూడా హాయే కదా. ఒక్క మాట మాత్రం ఫార్మసీలో పనిచేసినదానిగా చెబుతాను. పేరూ లేబులూ లేకుండా ఎవరో ఇచ్చే పొడులు, మాత్రలు మింగొద్దు. "రెండు రోజుల్లో నొప్పి మాయం" అనేవాటిలో కొన్నిట్లో చెప్పకుండా స్టెరాయిడ్ కలుపుతారు. షుగరున్న మనిషికి అది ఎంత చేటో ఆలోచించండి.

ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలి వైపు ఎముకకీ ఎముకకీ మధ్య సందే లేదు. అది చూడగానే ఆపరేషన్ అంటారనుకున్నాను. సర్జన్ ఆ మాట అనలేదు. "ఇంతకన్నా పాడైన ఎక్స్‌రేతో హాయిగా నడిచేవాళ్లున్నారు. మీరు ఏమేం మానేశారో చెప్పండి" అన్నారు. ఇంటికొచ్చి కాగితం మీద రాశాను. గుడి మెట్లు. పేరంటాలు. స్టవ్ దగ్గర ఇరవై నిమిషాలకు మించి నిలబడటం. పై అంతస్తులోని నా మంచం. కింద కూర్చుని దీపం పెట్టుకోవడం. రాస్తుంటే కాగితం నిండింది.

అయినా ఏడాది ఆలోచించాను. భయమే, ఇంకేం లేదు. చివరికి తేల్చింది మా అమ్మాయి ఫోను. పోయిన జూన్‌లో బోస్టన్ నుంచి చేసింది, ఫిబ్రవరిలో కాన్పు అని. సంతోషం సర్దుకోకముందే, "నువ్వు రావాలని కంగారు పడకమ్మా, మా అత్తగారు వస్తానన్నారు, నీ కాలు చూసుకో" అంది. నా మీద ప్రేమతోనే అంది. నాకు మాత్రం గొంతు పట్టేసింది. తొలిచూలు పురుడు. మా అమ్మ తెనాలి నుంచి ఎప్పుడూ బయటికి రాని మనిషి, అలాంటిది నా కాన్పుకి సూట్‌కేసు నిండా కారప్పొడి, శొంఠి సర్దుకుని విమానమెక్కి వచ్చింది. పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. అది నేను చెయ్యాల్సిన పని. వియ్యపురాలి మీద నాకే కోపమూ లేదు, ఆవిడ చాలా మంచి మనిషి. కానీ అది నా పని.

కేలండరు తీశాను. సెప్టెంబరు చివర్లో ఆపరేషన్ అయితే ఫిబ్రవరికి నాలుగున్నర నెలలు. సర్జన్‌ని అడిగితే "సరిపోవచ్చు, ముందు రెండు నెలలు మీరు కష్టపడితే" అన్నారు.

ఇక్కడా, అక్కడా?

ఇది ప్రతి ఇంట్లో వచ్చే చర్చే. మా ఆడపడుచు, అంటే నాకు వదిన, 2018లో విజయవాడలో రెండు మోకాళ్లూ చేయించుకుంది. "అంత డబ్బు పోసి అక్కడెందుకే అమ్మాయ్, వచ్చెయ్, నేనున్నానుగా" అంది. ఆవిడ మాటలో న్యాయముంది. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. అందరికీ మామూలుగా వేసే కోబాల్ట్ క్రోమియం మోకాలు అప్పట్లో 54,720 రూపాయలు, పన్ను అదనం. అంతకు ముందు దానికి లక్షన్నర దాకా తీసుకునేవారు. పైగా వదినకి వంటమనిషి ఉంది, పనమ్మాయి ఉంది, రోజూ ఇంటికొచ్చి కాలు వంచి వెళ్లే ఫిజియోథెరపిస్టు ఉన్నాడు. ఇక్కడ మనకి ఉన్నది మొగుడూ, మైక్రోవేవూ.

అయినా నేను ఇక్కడే చేయించుకున్నాను. నాకు మెడికేర్ వచ్చేసింది, దాని మీద సప్లిమెంట్ ఉంది. రెండోది, ఆపరేషన్ అయ్యాక దూరప్రయాణాలకు నా సర్జన్ మూడు నెలలు వద్దన్నారు. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే భయం ఆ రోజుల్లో ఎక్కువ, గంటల తరబడి విమానంలో కూర్చుంటే ఇంకా ఎక్కువ. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. ఏడాది తర్వాత ఏదైనా తేడా చేస్తే చూసేది ఎవరు? ఒకరు వేసిన మోకాలిని ఇంకొకరు విప్పడానికి అంత తేలిగ్గా ముందుకు రారు. మీ లెక్క వేరే కావచ్చు. ఇన్సూరెన్స్ సరిగా లేనివాళ్లకి, అక్కడ తోడబుట్టినవాళ్లు చూసుకునేవాళ్లకి, నాలుగైదు నెలలు ఉండిపోగలిగినవాళ్లకి ఇండియానే మేలు. లండన్‌లో ఉన్న నా స్నేహితురాలు ఎన్‌హెచ్‌ఎస్ వరసలో నెలల తరబడి ఎదురుచూసి చివరికి హైదరాబాదే వెళ్లింది, బాగానే నడుస్తోంది.

అమ్మానాన్నల్ని ఇక్కడికి రప్పించి చేయిద్దామనుకునే పిల్లలకి ఒక మాట. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకి సాధారణంగా డబ్బివ్వవు, అరిగిన మోకాలు పాత జబ్బే. గ్రీన్ కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లు ఇక్కడ పని చేసి ఉండకపోతే, అరవై ఐదు దాటినా అయిదేళ్లు వరసగా ఇక్కడ ఉన్నాకే మెడికేర్ కొనుక్కోవడానికి వీలవుతుంది.

"ఇక్కడి డాక్టర్లు గొప్పా, అక్కడివాళ్లు గొప్పా" అనే వాదన మాత్రం నాకు నచ్చదు. 2000లో వాజ్‌పేయిగారు ప్రధానమంత్రిగా ఉండి ముంబయి బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో మోకాలు మార్పించుకున్నారు, మరుసటి ఏడు రెండోది. మనలో చాలామంది ఈ ఆపరేషన్ పేరు మొదటిసారి విన్నది అప్పుడే. చేసిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ న్యూయార్క్ నుంచి వెళ్లారు. 1970లలో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్‌తో కలిసి, ఈనాటి మోకాళ్లకి మూలమైన నమూనాని తయారుచేసినవాళ్లలో ఆయనొకరు. అంటే అక్కడి మనిషే ఇక్కడ తయారుచేసి, మళ్లీ అక్కడికి పట్టుకెళ్లాడు. మీరు చూసుకోవాల్సింది దేశం కాదు. ఆ సర్జన్ ఏడాదికి ఎన్ని మోకాళ్లు చేస్తున్నారో అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

మార్చేదేమిటంటే

మోకాలు మొత్తం కోసి తీసేస్తారని మా వాకింగ్ గ్రూపులో ఒకావిడ ఇప్పటికీ నమ్ముతుంది. అలా కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన అరిగిన పొరని కొద్దిపాటి ఎముకతో సహా చెక్కి తీస్తారు. పైదానికి లోహపు తొడుగు, కిందిదానికి లోహపు పళ్లెం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ దిమ్మ. చాలామందికి వీటిని ఎముక సిమెంటుతో అతికిస్తారు. చిప్ప మన చిప్పే, అవసరమైతే దాని వెనక ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. ఎన్నాళ్లు ఉంటుందని అందరూ అడుగుతారు. 2019లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద పరిశీలన ప్రకారం పూర్తిగా మార్చిన మోకాళ్లలో 82 శాతం ఇరవై అయిదేళ్లు నిలిచాయి. నాకది చాలు.

ఆ పక్క లెక్క కూడా తెలుసుకునే వెళ్లాను. చేయించుకున్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు అనుకున్నంత సంతృప్తిగా ఉండరు. కొందరికి నొప్పి మిగులుతుంది, కొందరికి బిగుసుకుపోతుంది, కొందరు ఇరవయ్యేళ్ల వయసు మోకాలు వస్తుందని ఆశపడతారు.

ఆపరేషన్‌కి ముందు మూడు నెలలు షుగరుతోనే సరిపోయింది. ఏ1సీ 8.1 ఉంది. 7.5 లోపు వస్తేనే తేదీ ఇస్తామన్నారు, షుగరు ఎక్కువుంటే గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని. మధ్యాహ్నం అన్నం సగం చేసి, కూర రెట్టింపు చేసి, కొలనులో నడిచి 7.2కి తెచ్చాను. పళ్ల డాక్టరు దగ్గరికి ముందే వెళ్లి అన్నీ సరిచేయించుకోమన్నారు. నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కొత్త కీలుకి చేరతాయట. చివరి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య మూడు నెలలైనా ఉండాలి. నాది మే నెలలో, కాబట్టి సరిపోయింది.

ఇంట్లో సర్దుబాట్లు మనకి కొంచెం ఎక్కువే. మంచం కిందికి దింపించాం. కమోడ్ మీద ఎత్తు సీటు పెట్టించాం. తివాచీలు, కాలికి తగిలే వైర్లు తీసేశాం. నేల మీదున్న దేవుణ్ణి చెక్క బల్ల మీదకి ఎక్కించాను, నిలబడి దీపం పెట్టుకునేలా. మావారు "దేవుడికి కూడా ప్రమోషన్" అన్నారు. నైటీలు అరడజను కొన్నాను. కట్టు మీదకి ప్యాంటు ఎక్కదు, వాకర్ పట్టుకుని చీర కుచ్చిళ్లు తొక్కుకుంటే అంతే సంగతులు. ఫ్రీజర్లో పప్పు, పులుసు, కూరలు డబ్బాల్లో రాసి పెట్టాను. స్నేహితులు వంతులేసుకుని మూడు వారాలు కేరేజీ పంపారు. వాళ్ల రుణం ఎలా తీర్చుకుంటానో తెలియదు.

ఆపరేషన్ రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నడుముకి మత్తిచ్చారు, తొడ దగ్గర నరానికి ఇంకో మత్తు. గంటంపావు పట్టిందట, నాకు తెలియదు. ఆ సాయంత్రమే వాకర్‌తో తలుపు దాకా నడిపించారు, మర్నాడు ఇంటికి పంపేశారు. ఇప్పుడు చాలామందిని అదే రోజు పంపేస్తున్నారు. నొప్పి ఏమీ లేదేంటి అని సంబరపడ్డాను. నరం మత్తు దిగాక, రెండో రోజు రాత్రి, అది ఎక్కడికీ పోలేదని తెలిసింది.

ఆరు వారాలు

దీని గురించే ఎక్కువ చెప్పాలి. సర్జన్ పని గంటంపావులో అయిపోయింది. మిగతాదంతా మనదే.

నొప్పి మాత్రల విషయంలో మనవాళ్లకి రెండు రకాల భయాలు. అలవాటైపోతాయేమోనని అసలు వేసుకోరు, లేకపోతే నొప్పి నెత్తికెక్కాక వేసుకుంటారు. మొదటి పది రోజులు డాక్టరు చెప్పిన టైముకి వేసుకోండి, ముఖ్యంగా వ్యాయామానికి ముప్పావుగంట ముందు. వేసుకోకపోతే కాలు వంచలేరు, వంచకపోతే కీలు బిగుస్తుంది. మావారు ఫ్రిజ్ మీద కాగితం అంటించి, ఏ మాత్ర ఎన్నింటికో టిక్కు పెట్టేవారు. రెండున్నర వారాలకి గట్టి మాత్రలు ఆపేసి టైలెనాల్‌కి వచ్చేశాను. ఆ గట్టి మాత్రలతో మలబద్ధకం తప్పదు, దానికి మందు మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి. సిగ్గుపడి చెప్పుకోని విషయం కాబట్టి నేనే చెబుతున్నాను.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ఒక్క పూట కూడా మానొద్దు. పిక్క గట్టిపడి నొప్పెట్టినా, ఊపిరి అందకపోయినా, గాయం నుంచి చీము కారినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. మోకాలు మాత్రం నెలల పాటు వెచ్చగా, వాచి ఉంటుంది, అది మామూలే. కుట్ల పక్కన బయటి వైపు ఒక అరచేయంత చోట నాకిప్పటికీ స్పర్శ లేదు. అదీ మామూలేనట, కొందరికి అలాగే ఉండిపోతుందట.

పలకరింపుల సంగతి. మనవాళ్ల ప్రేమని తప్పుపట్టను గానీ, వచ్చినవాళ్లు గంటసేపు కూర్చుంటే మర్యాదకి నేనూ కాళ్లు వేలాడేసుకుని కూర్చోవాలి, సాయంత్రానికి కాలు గుమ్మడికాయ. రెండో వారం నుంచి "నా వ్యాయామం టైముకి రండి, మీతో మాట్లాడుతూ చేసుకుంటాను" అని చెప్పడం మొదలుపెట్టాను. వచ్చినవాళ్లు లెక్కపెట్టేవాళ్లు. ప్రతి ఒక్కరూ జాలిపడి మోకాలి కింద దిండు పెట్టబోతారు, పెట్టనివ్వకండి. మోకాలు వంగిన స్థితిలో సుఖంగా ఉంటుంది, ఆ సుఖమే తర్వాత ముప్పు. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలు గాల్లో ఉండి దాని బరువుకి అదే చాపుకోవాలి.

ఫిజికల్ థెరపీలో బతుకంతా డిగ్రీలే. కాలు పూర్తిగా చాపితే సున్నా. మామూలు కుర్చీలో కూర్చోవాలంటే 90 వంగాలి. ఎత్తు తక్కువ సోఫాలోంచి లేవాలంటే 105 దాకా. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవాలంటే ఇంకా చాలా కావాలి, అది చాలామందికి తిరిగి రాదు. రెండో వారంలో నాకు 78. నాలుగో వారంలో 92. ఐదో వారంలోనూ 92. ఆరు డిగ్రీలు చాపడానికి కూడా మిగిలే ఉంది. ఎనిమిది వారాలకి కదలిక రాకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి రావచ్చు అన్నారు సర్జన్. ఆ రాత్రి ఏడ్చాను. నిజానికి ఆ నెలంతా ఊరికే ఏడుపొచ్చేది. రాత్రిళ్లు గంటకోసారి మెలకువ, పక్కకి తిరిగి పడుకోలేను, నా ఇంట్లో గ్లాసు మంచినీళ్లకి ఇంకొకరిని అడగాలి. మనసు ఇలా కుంగుతుందని నాకెవరూ ముందు చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను. మందుల వల్ల, నిద్రలేమి వల్ల చాలామందికి అవుతుంది, మెల్లగా తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి. అర్ధరాత్రి మావారు లేచి ఐస్ మార్చి, "కాఫీ పెట్టనా?" అని అడిగేవారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన స్టవ్ వెలిగించింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు ఉప్మా, రసం, బంగాళదుంప వేపుడు వచ్చు. రసం నాకంటే బాగా పెడతారు, ఈ మాట ఆయన దగ్గర అనలేదు.

థెరపిస్టు పాతికేళ్ల అమెరికన్ కుర్రాడు. మొదటి రోజే "మీ లక్ష్యం ఏమిటి?" అని అడిగాడు. నడవడం అని రాసుకున్నాడు. ఐదో వారంలో నేను నీరసపడి కూర్చుంటే మళ్లీ అడిగాడు, ఈసారి నిజం చెప్పాను. అర్థం కాలేదు. క్లినిక్‌లో ఎత్తు తక్కువ స్టూలు ఉంటే దాని మీద కూర్చుని, కాళ్లు చాపి, తువ్వాలు చుట్టి రెండు పిక్కల మధ్యా పెట్టి చూపించాను. "ఇది బిడ్డ. ఇలా నీళ్లు పోస్తాం." కాసేపు అలాగే చూశాడు. "అయితే మీరు వంచడం గురించి బెంగపడుతున్నారు గానీ, ఈ పనికి ముందు కావాల్సింది చాపడం" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రణాళిక మార్చాడు. వంచడం ఆపలేదు, దాంతోపాటు రోజుకి అయిదుసార్లు మడమ కింద తువ్వాలు చుట్టపెట్టి, మోకాలిని మంచానికి నొక్కడం. తొడ వెనక కండరం సాగదీయడం. ఆ తర్వాత నేల మీదకి దిగి లేవడం. కుర్చీ పట్టుకుని, మంచి మోకాలు ముందు ఆనించి, కొత్త కాలు పక్కకి చాపి దిగాలి. మనం ఎప్పుడూ చేసే పద్ధతి కాదిది, కొత్తగా నేర్చుకోవాలి. మెట్లకి కూడా ఒక సూత్రం చెప్పాడు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేతికర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. సినిమాల్లో ముసలివాళ్లు చాలామంది తప్పు చేత్తో పట్టుకుంటారు, గమనించండి.

ఎనిమిదో వారానికి 104 వచ్చింది, చాపడానికి రెండు డిగ్రీలే మిగిలింది. బలవంతంగా వంచే అవసరం రాలేదు. ఆరు వారాలు దాటాక కారు నడపమన్నారు. కుడి కాలు కాబట్టి బ్రేకు గట్టిగా తొక్కగలిగేదాకా ఆగాలి. పదకొండో వారంలో నా మంచం మీద, పై అంతస్తులో పడుకున్నాను.

బోస్టన్

ఫిబ్రవరి రెండో వారంలో మనవరాలు పుట్టింది. కారులో గంటన్నరకోసారి ఆగి, దిగి, నడుస్తూ వెళ్లాం. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడమే. అది ఊడిన మూడో రోజున స్టూలు వేయించాను. అది కూడా థెరపిస్టుతో కలిసి ముందే లెక్క కట్టిన ఎత్తు. జారకుండా కింద రబ్బరు చాప. నేను కూర్చుని కాళ్లు చాపుకున్నాకే బిడ్డని ఇస్తారు, నేను లేవడానికి ముందే తీసుకుంటారు. మా అల్లుడు ఆ పక్కన కాపలా. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి "అమ్మా, నొప్పిగా ఉందా?" అని నాలుగుసార్లు అడిగింది. ఉంది, కొంచెం. నూనె రాసి, సున్నిపిండి బదులు వాళ్ల పీడియాట్రీషియన్ సరేనన్న సబ్బుతో, మోచేత్తో వేడి చూసుకుని పోశాను. పిల్ల మొదట కేకలేసి, నడుం మీద గోరువెచ్చటి నీళ్లు పడేసరికి నోరు మూసుకుని నన్నే చూసింది. మూడు వారాలు రోజూ పోశాను. వియ్యపురాలు మార్చిలో వచ్చారు, ఇప్పుడు ఆవిడ వంతు.

ఇప్పుడు నాకు 118 వంగుతుంది. కూరల బజారంతా కార్టు లేకుండా తిరుగుతాను. బాసింపట్టు వేసి కూర్చోలేను, వస్తుందని కూడా అనుకోవడం లేదు. గుడిలో మోకాళ్ల మీద వంగి దణ్ణం పెట్టడం మానేశాను. మందపాటి దుప్పటి మడత మీద ఆనించినా తప్పులేదని సర్జన్ అన్నారు గానీ, ఎవరిదో మోకాలి మీద నిలబడ్డట్టుంటుంది. లేచేటప్పుడు టక్కుమని చిన్న చప్పుడు. చలికి బిగుస్తుంది. విమానాశ్రయంలో లోహం గుర్తుపట్టి మోగుతుంది, ముందే చెబితే పక్కకి పిలిచి చూసి పంపేస్తారు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు యాంటీబయాటిక్ కావాలా అని సర్జన్‌ని అడిగి వెళుతున్నాను.

ఎడమ మోకాలు కూడా అరిగింది. దానికి వచ్చే అక్టోబరులో తేదీ తీసుకున్నాను. ఫ్రీజరు డబ్బాల మీద పేర్లు రాసే పని మావారు తనదే అంటున్నారు. ఈసారి రసం తప్ప అన్నీ నేనే వండి పెట్టాలట.